రాగితో అరకు దాకా: కారు వెనక క్రేట్, క్రేట్‌లో మా కుక్క

కుక్కని తీసుకుని హైదరాబాద్ నుంచి అరకు వెళ్లొచ్చాం. కారులో, సంక్రాంతి రద్దీ అంతా సద్దుమణిగాక, జనవరి చివర్లో. మా రాగి నాటు కుక్క, 19 కిలోలు ఉంటుంది, ఇంట్లోవాళ్ల దగ్గర ఎంత నెమ్మదో కొత్తచోట అంత బెదురు. ఇలాంటి కుక్కని రోజుకో ఊరు తిప్పాలంటే ఏ ఊరెళ్లినా మారని చోటు ఒకటి దానికి ఉండాలి, మాకు ఆ చోటు క్రేట్, అంటే తలుపున్న పంజరం లాంటి కుక్క పెట్టె. అందుకే ఇందులో ఊళ్ల కంటే క్రేట్ గురించే ఎక్కువ రాస్తున్నాను. కుక్కని ఎవరి దగ్గరా వదల్లేక, వెంట తీసుకెళ్లే ధైర్యం లేక ప్రయాణాలే మానుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లకి పనికొస్తే అంతే చాలు.

బయల్దేరే ముందు

అసలు ప్రయాణం ఇంట్లోనే మొదలైంది, కొన్ని నెలల ముందు. బయల్దేరే రోజు క్రేట్ కొని, కుక్కని అందులోకి నెట్టి, కారెక్కించడం చాలామంది చేసే పని. ఆ కుక్క దారంతా అరుస్తుంది, ఊచలు కొరుకుతుంది, తర్వాత "మా కుక్కకి క్రేట్ పడదండీ" అని అటక మీద పెట్టేస్తారు. పడకపోవడానికి కారణం క్రేట్ కాదు, దాని పరిచయం అలా జరగడం.

దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మడతపెట్టే ఇనుప తీగల క్రేట్, విమానాల్లో వాడే గట్టి ప్లాస్టిక్ పెట్టె, చిన్న గుడారంలా ఉండే బట్ట క్రేట్. బట్టది తేలిక, కానీ గోళ్లతో గీరే కుక్కయితే ఒక్క పూటలో చింపేస్తుంది. ప్లాస్టిక్‌ది విమానం ఎక్కించాలంటే కావాలి, మన ఎండలకి ఇంట్లో వాడాలంటే మాత్రం ఉక్కపోస్తుంది. మేం తీగలది తీసుకున్నాం. గాలి అన్ని వైపుల నుంచీ ఆడుతుంది, మడిస్తే మంచం కిందకి తోసేయొచ్చు, కింది ట్రే లాగి కడుక్కోవచ్చు. సైజులు అంగుళాల్లో ఉంటాయి, 24, 30, 36, 42, 48 అని. రాగికి 36 సరిపోయింది, లాబ్రడార్ అయితే 42 చూసుకోవాలి. తల పైకి తగలకుండా నిలబడగలగాలి, లోపలే చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పక్కకి ఒరిగి పడుకోగలగాలి, ఈ మూడూ కుదిరితే సరైన సైజే. కుక్కపిల్లకి పెద్దయ్యాక సరిపోయేది ముందే కొంటే మధ్యలో అడ్డు పెట్టాలి, లేకపోతే ఒక మూల పడుకుని ఇంకో మూల పాడు చేస్తుంది.

అలవాటు చేయడం ఇలా జరిగింది. హాల్లో, మేమందరం కూర్చునే చోటే ఓ మూల పెట్టాం. బాల్కనీలోనో వాషింగ్ మెషీన్ పక్కనో పెడితే దాన్ని బయటికి తోసేసినట్టే అవుతుంది, కుక్కకి మనుషులు కనిపించాలి. తలుపు గాలికి కొట్టుకుని చప్పుడైతే రాగి మళ్లీ దగ్గరికి రాదని, తలుపుని వెనక్కి తాడుతో కట్టేశాం. ముందు అన్నం గిన్నె క్రేట్ పక్కన, తర్వాత గడప దగ్గర, తర్వాత లోపల చివర్లో. ఎవరూ పిలవలేదు, తొయ్యలేదు. ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన పాత లుంగీ మీద తనంతట తనే వెళ్లి పడుకుంది, ఆ లుంగీ అందుకోసమే ఉతక్కుండా లోపల పరిచాం. అప్పుడు మొదలుపెట్టాం తలుపు వెయ్యడం. అన్నం తినేంతసేపు వేసి, గిన్నె ఖాళీ అవ్వగానే తియ్యడం. తర్వాత ఇంకాస్త. ఎదురుగా కూర్చుని వేయడం, పక్కగదిలోకి వెళ్లి రావడం, గేటు దాకా వెళ్లి రావడం. పెరుగు నింపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ ఇస్తే అరగంట దాన్నే నాకుతూ ఉండేది, తలుపు వేశామన్న ధ్యాసే ఉండేది కాదు.

కొన్ని విషయాల్లో మా ఇంట్లో రాజీ లేదు. క్రేట్‌లోకి వెళ్లేముందు మెడపట్టీ తీసెయ్యాలి, ఆ పట్టీకున్న రింగో బిళ్లో తీగల్లో ఇరుక్కుంటే మెడకి ఉరి పడుతుంది. తిట్టి లోపలికి పంపకూడదు. మా అబ్బాయి దాంట్లోకి దూరి ఆడకూడదు, రాగి లోపల ఉన్నప్పుడు చెయ్యి పెట్టకూడదు. దీపావళి రాత్రి పైన దుప్పటి కప్పి, గాలికి ఓ వైపు వదిలేస్తే, రాగి తలుపు తెరిచున్నా బయటికి రాకుండా టపాసులు ఆగేదాకా అందులోనే పడుకుంది. అరకు వెళ్లగలమన్న నమ్మకం నాకు ఆ రాత్రే వచ్చింది.

రెండో వైపు కూడా చెప్పాలి. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ కుక్కని క్రేట్‌లో వేసి సాయంత్రం వచ్చి తీసేవాళ్లని చూశాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. పెద్ద కుక్కయినా పగలు నాలుగైదు గంటలు మించితే దాన్ని జైల్లో పెట్టినట్టే. కుక్కపిల్లల విషయంలో, వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు మూత్రం ఆపుకోగలదని లెక్క చెప్తారు, అది పైహద్దు, నేనైతే దానికి చాలా ముందే తియ్యమంటాను. స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఇంట్లో కుక్కని ఇలా క్రేట్‌లో బంధించి ఉంచడం మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి, ప్రయాణంలో వాడనిస్తారు. మన దగ్గర కూడా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువుని ఉంచడం నేరమనే చెప్తుంది. కొన్ని కుక్కలకి ఒంటరిగా ఉండటమే భయం, మూసిన తలుపు చూస్తే చొంగ కారుస్తూ, పళ్లు విరిగేలా తీగలు కొరుకుతాయి. అలాంటి కుక్కకి క్రేట్ మొండిగా అలవాటు చెయ్యకూడదు, డాక్టర్ని కలవాలి.

బయల్దేరే వారం డాక్టరు గారి దగ్గర రేబీస్ టీకా తేదీ చూపించుకుని, టీకాల పుస్తకం సంచిలో పెట్టి, ఘాట్ రోడ్డుకి వాంతుల మాత్ర రాయించుకున్నాం. మన మాత్రలు కుక్కకి మనమే విరిచి వెయ్యకూడదు, పారాసిటమాల్ కూడా ప్రమాదమే.

మొదటి రోజు: హైదరాబాద్ నుంచి రాజమండ్రి

తెల్లవారకముందే బయల్దేరాం. మాది ఎర్టిగా, మూడో వరస సీట్లు మడిస్తే 36 అంగుళాల క్రేట్ వెనక సరిగ్గా పట్టింది. దాన్ని రెండో వరస సీట్ల వీపుకి ఆనించి, రెండు రాచెట్ బెల్టులతో కింది కొక్కేలకి బిగించాం. బిగించకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ క్రేట్ జారుతుంది, కుక్క కాళ్ల కింద నేల కదిలితే భయం మొదలవుతుంది. తీగల క్రేట్ పెద్ద ప్రమాదాన్ని తట్టుకునేలా చేసింది కాదని మాత్రం తెలుసుకోవాలి, గుద్దుడు పరీక్షలు చేసినవి వేరే ఉంటాయి, ఖరీదు ఎక్కువ. మాది చేసేదల్లా కుక్క డ్రైవర్ కాళ్ల దగ్గరికి దూరకుండా, కిటికీలోంచి దూకకుండా, బ్రేకుకి ముందు సీటు మీదకి ఎగిరిపడకుండా ఆపడం. దానికే ఎంతో నిశ్చింత.

వెనక ఏసీ గాలి క్రేట్ దాకా వస్తుందా లేదా అని ముందురోజే నేను వెనక కూర్చుని చూశాను. పై వెంట్లు వెనక్కి తిప్పితే వస్తోంది. ఎండ పడే వైపు అద్దానికి నల్ల జాలీ తెర, క్రేట్ మీద సగం దాకా పల్చటి నూలు దుప్పటి. అన్నం ముందురోజు రాత్రే పెట్టేశాం, పొద్దున్న నీళ్లు మాత్రమే. కడుపు నిండుగా ఉంటే కుదుపులకి వాంతులు ఖాయం.

పండగ రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో టీవీలో అందరం చూసేదే, ఆ బారులో కుక్కతో గంటలు గంటలు నిలబడలేకే పండక్కి వెళ్లలేదు. ఈ రోజు మాత్రం చౌటుప్పల్, నకిరేకల్ దాటి సూర్యాపేట దాకా ఆగకుండా వచ్చేశాం. చౌటుప్పల్ వరకూ రాగి నిలబడే ఉంది. ఒకటి రెండుసార్లు సన్నగా మూలిగింది. నేను వెనక్కి తిరిగి బుజ్జగించాలని ఎంత అనిపించినా ఊరుకున్నాను, ఎందుకంటే మూలుగు వినగానే మనం కంగారుగా మాట్లాడితే నిజంగానే ఏదో ప్రమాదం ఉందని దానికి అర్థమవుతుంది. తర్వాత పడుకుంది. ఇంట్లో పడుకునే ఆ లుంగీ మీదే.

సూర్యాపేటలో మేం టిఫిన్ చేశాం, వంతులవారీగా. ఒకరు తింటుంటే ఒకరు కారు దగ్గర. ఇది దారంతా పాటించాం. ఆపిన కారులో కుక్కని వదిలి వెళ్లడం ఐదు నిమిషాలైనా వద్దు. ఎండలో అద్దాలు మూసిన కారు లోపల పది నిమిషాల్లో పది డిగ్రీలు పెరుగుతుంది, గంటయ్యేసరికి ఇరవై దాటుతుంది, అద్దం రెండు వేళ్లు దించినంత మాత్రాన పెద్దగా తేడా రాదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి దారి, చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఆ దారీ మూసుకుపోతుంది.

ఇంకో సంగతి, హైవే మీద ఆగినప్పుడు డిక్కీ తలుపు ఎత్తిన వెంటనే క్రేట్ తలుపు తియ్యకూడదు. ముందు క్రేట్ తలుపు సందులోంచి చెయ్యి పెట్టి మెడపట్టీ, తాడు తగిలించి, తాడు చేతికి చుట్టుకున్నాకే తలుపు పూర్తిగా తియ్యాలి. ఎంత మాట వినే కుక్కైనా లారీ హారన్‌కి ఒక్క గెంతులో రోడ్డెక్కేస్తుంది. దారిలో తప్పిపోయే కుక్కలు ఎక్కువగా ఇలాంటప్పుడే తప్పిపోతాయని నా నమ్మకం.

నందిగామ దగ్గర ఇంకోసారి దింపి నడిపించాం, విజయవాడ ట్రాఫిక్‌లో మాత్రం ఎక్కడా ఆగలేదు. హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. సిద్ధాంతం దగ్గర గోదావరి మొదటి పాయ దాటుతుంటే మా అబ్బాయి "రాగీ, గోదారి!" అని అరిచాడు, రాగి నిద్రలో ఉంది. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్యలోంచి బయటపడి, రెండో వంతెన దాటి, కడియపులంక నర్సరీల పక్కనుంచి రాజమండ్రి చేరేసరికి సాయంత్రమైంది.

రెండో రోజు: రాజమండ్రి, పిన్ని వాళ్లిల్లు

రాత్రి క్రేట్ ఇంట్లోకి తేవడం చూసి పిన్ని నోరు నొక్కుకుంది. "ఏమే, మూగజీవాన్ని ఊచల్లో పెట్టి తాళమేస్తావా? పాపం చుట్టుకుంటుందే." నేను వాదించలేదు. హాల్లో గోడ వారగా, గుమ్మానికి దూరంగా పెట్టి, లుంగీ పరిచి, తలుపు తీసి వదిలేశాను. రాగి ఇల్లంతా ఓసారి వాసన చూసుకుని, ఇంతమంది కొత్త మొహాల మధ్య ఎక్కడికి వెళ్లాలో తెలియక, నేరుగా వెళ్లి అందులో పడుకుంది. పిన్ని కాసేపు అక్కడే నిలబడి చూసింది. "తలుపు తీసున్నా పోవట్లేదేంటే?" అంది. "దాని గది అది పిన్నీ" అన్నాను.

పొద్దున్న లేచేసరికి చుట్టాలు. పండక్కి రాలేదు కాబట్టి అందరూ ఇప్పుడే వచ్చారు. పిల్లలే ఆరుగురు. కొత్తచోట కుక్క కరిచిందన్న కథల్లో ఎక్కువ భాగం ఇలాంటి ఇళ్లలోనే జరుగుతాయి, కుక్క మంచం కిందకో సోఫా వెనక్కో వెళ్లి దాక్కుంటుంది, పిల్లలు వంగి చెయ్యి చాపుతారు, దానికి వెనక్కి వెళ్లే దారి ఉండదు. అందుకని పిల్లలందరినీ కూర్చోబెట్టి గట్టిగానే చెప్పాను, రాగి బయట ఉంటే నేను పక్కనున్నప్పుడు ముట్టుకోవచ్చు, క్రేట్‌లో ఉంటే మాత్రం చూడటం కూడా వద్దు, అక్కడ ఎవరూ లేరనుకోవాలి. పిల్లలు బాగానే విన్నారు. వినంది మా బాబాయి, ఆయన పూతరేకు ముక్క పట్టుకుని "తీస్కోవే, మా ఆత్రేయపురం సరుకు" అంటూ ఊచల్లోంచి పెట్టబోతే పిల్లలే ఆపారు.

భోజనాలప్పుడు తలుపు వేశాను, ఓ గంట. విస్తళ్ల మధ్య కుక్క తిరగడం పెద్దవాళ్లకి నచ్చదు, కోడి ఎముకలు ఎవరైనా పడేస్తే అవి విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. రాగికి లోపలే పెరుగన్నం, ఉడికించిన చికెన్ ముక్కలు. తిని నిద్రపోయింది.

సాయంత్రం పుష్కర ఘాట్ వైపు నడిపించాం. జనం తక్కువగానే ఉన్నారు, అటు రైలు, రోడ్డు కలిసిన పెద్ద వంతెన మీద రైలు పోతుంటే రాగి చెవులు నిక్కబొడుచుకుని చూసింది. వీధికుక్కలు ఎక్కువ, వాటి వీధుల్లోకి మన కుక్కని తీసుకెళ్తే ఊరుకోవు, అందుకే తొందరగా వెనక్కి వచ్చేశాం.

మూడో రోజు: విశాఖపట్నం

అన్నవరం, తుని, అనకాపల్లి మీదుగా నాలుగు గంటల ప్రయాణం. దీని గురించి చెప్పేదేం లేదు, రాగి ఎక్కింది, పడుకుంది, ఒకచోట దిగింది, మళ్లీ ఎక్కింది. క్రేట్ తలుపు తియ్యగానే తనే లోపలికి గెంతడం మొదలుపెట్టింది.

విశాఖలో పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, వాడి ఇంట్లో దిగాం. వాడికి ఓ పగ్ ఉంది. రెండు కుక్కల్నీ ఇంట్లో కలపకుండా ముందు కింద వీధిలో పక్కపక్కన నడిపించి, తర్వాత పైకి తీసుకెళ్లాం, రాగి క్రేట్ వేరే గదిలో. పగ్ వెళ్లి దాని లుంగీ వాసన చూడబోతే రాగి గుర్రుమంది, దానికి ఆ హక్కు ఉంది కాబట్టి పగ్‌నే బయటికి పంపాం.

రాత్రంతా తమ్ముడితో ఒకటే చర్చ. వాడికి ఢిల్లీ బదిలీ అవుతోంది, పగ్‌ని ఎలా తీసుకెళ్లాలో తెలియక వారాల తరబడి టెన్షన్ పడుతున్నాడు. రైలు సంగతి ఇది. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మన పేరు మీదే ఉంటే కుక్కని వెంట ఉంచుకోనిస్తారు, పార్శిల్ ఆఫీసులో దాని ఛార్జీ కట్టాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ దేంట్లోనూ రానివ్వరు. అది కుదరకపోతే మిగిలింది బ్రేక్ వ్యాన్‌లో, అంటే గార్డు ఉండే పెట్టెలో, ఉండే డాగ్ బాక్స్. నేనైతే నా కుక్కని అందులో పెట్టను. మనిషి కనిపించడు, చప్పుడు, వేసవిలో ఆ వేడి, ఢిల్లీ అంటే ఒక రోజుకి పైగా ప్రయాణం. రిజర్వేషన్‌లో కూపేయే వస్తుందన్న హామీ ఉండదు, అది చార్ట్ తయారయ్యేటప్పుడు తేలుతుంది, అందుకని రెండు టికెట్లు తీసుకుని ముందుగానే రైల్వేకి అర్జీ పెట్టుకోవాలి.

విమానమైతే పగ్‌కి ఇంకో చిక్కు. మొహం లోపలికి నొక్కుకుపోయిన జాతులు, పగ్, బుల్‌డాగ్, షిట్జూ, పెర్షియన్ పిల్లి లాంటివి, మామూలుగానే ఊపిరి కష్టంగా తీసుకుంటాయి, కంగారు పడినా వేడెక్కినా ఇంకా కష్టం. అందుకే చాలా విమాన సంస్థలు వాటిని కింద సరుకుల భాగంలో ఎక్కించుకోవు. ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి చిన్న కుక్కల్ని క్యాబిన్‌లోకే రానిస్తోంది, ఎయిర్ ఇండియాలోనూ ఆ పద్ధతి ఉంది, కానీ బరువు సంచితో కలిపి తూస్తారు, ఆ హద్దు ఎప్పటికప్పుడు మారుతుంది, టికెట్ కొనేముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. "నిద్రమాత్ర వేసి పడుకోబెడితేనో అక్కా?" అన్నాడు. అస్సలు వద్దన్నాను. మత్తులో రక్తపోటు పడిపోతుంది, కుదుపుకి తనని తాను ఆపుకోలేదు, విమానాల్లో జంతువుల రవాణాకి నియమాలు రాసే ఐఏటీఏ కూడా మత్తు వద్దనే చెప్తుంది. దానికి మందు క్రేట్ అలవాటే. బదిలీకి ఇంకా మూడు నెలలుంది కదా, రేపే మొదలుపెట్టమన్నాను.

నాలుగో రోజు: ఘాట్ రోడ్డు

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అక్కడి నుంచి కొండ. నాకు ఈ ప్రయాణం మొత్తంలో భయమున్నది ఈ దారికే. శృంగవరపుకోటలో దింపి బాగా నడిపించి, గంట ముందే వేసిన మాత్ర పని మొదలుపెట్టే టైమ్ చూసుకుని ఎక్కాం. మలుపుల్లో కుక్కకి కడుపు తిప్పుతున్నప్పుడు ముందే తెలుస్తుంది, పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, చొంగ కారడం. తైడ దాటాక రాగి పెదాలు నాక్కోవడం మొదలుపెట్టింది. ఏసీ ఆపి అద్దాలు కాస్త దించి, కొండగాలి రానిచ్చి, క్రేట్ పక్కల మీద దుప్పటి కిందికి లాగాం, పక్కనుంచి చెట్లు గిర్రున తిరుగుతూ కనిపించకపోతే కొంత నయం. మా ఆయన ఇరవైకి, పదిహేనుకి తగ్గించేసి నడిపాడు. వెనక జీపులు హారన్ కొడుతూనే ఉన్నాయి, దారి ఇచ్చేశాం.

డముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగాం గానీ రాగిని దించలేదు, కోతులు గుంపులుగా ఉన్నాయి. వాటికీ కుక్కలకీ పడదు, లోయ అంచున తాడు పట్టుకుని ఆ గొడవలో నిలబడటం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. డిక్కీ తలుపు కూడా ఎత్తలేదు. ఇంకాస్త పైకి వెళ్లాక, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, కాఫీ తోటల నీడలో దింపాం. అక్కడ ఒక్కసారి కక్కింది, పచ్చటి నీళ్లు, అంతే. ట్రే మీద పాత పేపర్లు, లుంగీ కింద ప్లాస్టిక్ షీటు వేసి పెట్టుకున్నాం కానీ ఆ అవసరమే రాలేదు. నీళ్లు ఓ గుక్క తాగించి, చాలాసేపు నడిపించి ఎక్కించాం. అనంతగిరి దాటి అరకు చేరేసరికి మామూలుగానే ఉంది.

గది ఇచ్చిన పెద్దాయన ఫోన్‌లోనే చెప్పారు, కుక్క మంచమెక్కకూడదు, గదిలో ఒంటరిగా విప్పి వదలకూడదు అని. క్రేట్ దించడం చూసి ఆయన మొహంలో అనుమానం పోయింది. "ఇట్టాగైతే ఎన్ని కుక్కలైనా తెచ్చుకోండమ్మా" అన్నారు. చాలా బసలు కుక్కలంటే వద్దనడానికి కారణం చిరిగిన పరుపులు, గీరిన తలుపులేనని ఆయన మాటల్లో తెలిసింది.

రాత్రి చలి గట్టిగా ఉంది. గచ్చు ఐసుగడ్డలా ఉంటే క్రేట్ కింద అట్టపెట్టెలు విప్పి పరిచాం, లోపల ఉన్ని దుప్పటి, పైన మా శాలువా, తలుపు వైపు తెరిచి. రూమ్ హీటర్ అడిగితే ఇచ్చారు గానీ దాన్ని గదికి ఆ చివర పెట్టాం. క్రేట్‌లో ఉన్న కుక్క వేడెక్కువైతే లేచి దూరంగా వెళ్లలేదు, దానికి ఆ వీలు లేనప్పుడు మనమే ఆలోచించాలి.

ఐదో రోజు: అరకు

బొర్రా గుహలకి మా ఆయన, అబ్బాయి వెళ్లారు. నేను రాగితో ఉండిపోయాను, లోపలికి కుక్కని తీసుకెళ్లే ప్రశ్నే లేదు, అన్ని గంటలు దాన్ని కొత్త గదిలో మూసి వెళ్లడం నాకు ఇష్టం లేదు. మేమిద్దరం పొలాల గట్ల మీద తిరిగాం. మంచు విడిపోతుంటే వలిసె పువ్వులు దాదాపు అయిపోయిన మళ్లు, అక్కడక్కడా పసుపు మిగిలుంది. ఇళ్ల ముందు కాఫీ గింజలు ఎండబోశారు. రాగి వాసన చూస్తూ అటే లాగింది, నేను తాడు దగ్గరికి పట్టుకున్నాను. కాఫీలోని కెఫీన్ కుక్కకి విషం, గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా వెళ్తుంది. గదికి వచ్చాక వేళ్ల సందులు, చెవుల లోపల, చంకలు వెతికి రెండు పిడుజులు తీశాను, అవి క్రేట్‌లోకి వెళ్తే ఆ లుంగీలో స్థిరపడిపోతాయి.

సాయంత్రం పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూడాలని నాకూ ఉంది. అప్పుడు మాత్రం రాగిని గదిలో క్రేట్‌లో ఉంచి అందరం వెళ్లాం. ముందు నడిపించి, అన్నం పెట్టి, పెరుగు బొమ్మ ఇచ్చి, నీళ్ల గిన్నె తీగలకి తగిలించి, పాత ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి వీడియో కాల్ పెట్టి బయటికొచ్చాం. గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూశాం. బొమ్మ నాకింది, చెవులు మా వైపు తిప్పింది, చుట్టూ తిరిగి పడుకుంది. అప్పుడే కదిలాం, గంటన్నరలో తిరిగి వచ్చాం. ఇంట్లో మూసిన తలుపు వెనక ఎప్పుడూ ఉండని కుక్కని ఇలా ఊరు కాని ఊర్లో మొదటిసారి మూసి వెళ్తే అది భయపడి చేసే గోలకి గది, క్రేట్, కుక్క, మూడూ దెబ్బతింటాయి. ఇదంతా ఇంట్లో నెలల తరబడి చేసి ఉన్నాం కాబట్టే ఆ గంటన్నర దొరికింది. వస్తూ బొంగులో చికెన్ తెచ్చుకున్నాం. మసాలా, ఉల్లిపాయ ఉంటాయి కాబట్టి రాగికి పెట్టలేదు, అది ఊచల్లోంచి ముక్కు బయటపెట్టి ఎంత చూసినా.

తిరుగు ప్రయాణం

దిగేటప్పుడు అదే జాగ్రత్త, అదే నెమ్మది, ఈసారి వాంతి కూడా లేదు. రాజమండ్రిలో రాత్రి ఆగాం, పిన్ని ఈసారి తనే క్రేట్ ఎక్కడ పెట్టాలో చూపించింది, లోపల తన పాత నేత చీర మడిచి వేసింది. మర్నాడు పొగమంచు వల్ల ఎండెక్కాక బయల్దేరి రాత్రికి హైదరాబాద్ చేరాం. ట్రే తీసి వేడినీళ్లు, సబ్బుతో కడిగి, తీగలు తుడిచి, ఎండలో పెట్టాను. ఫినాయిల్ వాడను, దాని ఘాటుకి కుక్క లోపలికి వెళ్లదు, నాకితే ప్రమాదం కూడా. పిన్ని చీర మాత్రం ఉతకలేదు, మళ్లీ రాజమండ్రి వెళ్లేదాకా అందులోనే ఉంటుంది.

తర్వాతి వారం తమ్ముడు ఫోన్ చేశాడు. పగ్ తలుపు తీసున్న క్రేట్‌లో అన్నం తింటోందట, వీడియో పంపాడు. ఇక పెద్ద పెట్టె కొనాలి, సైజు ఎలా అని అడిగాడు. టేపు తెచ్చి కుక్కని నిలబెట్టమన్నాను. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా రెండోది, భుజాల దగ్గర అడ్డంగా వెడల్పు మూడోది, నిలబడినప్పుడు నేల నుంచి తల పైకి, చెవులు నిక్కపొడిచి ఉంటే చెవి కొన దాకా, నాలుగోది. పెట్టె పొడవు మొదటి కొలతకి రెండో దానిలో సగం కలిపితే వచ్చేది, వెడల్పు మూడో కొలతకి రెట్టింపు, ఎత్తు నాలుగో కొలత, దానికి పరుపు మందం కలపాలి. పగ్ కాబట్టి వచ్చిన ప్రతి లెక్క మీదా ఇంకో పది శాతం పెంచాలి. రాసుకున్నాడు. కూపే దొరికితే రైల్లోనే వెళ్తానన్నాడు, దొరక్కపోతే కారు, రోజుకి నాలుగైదు వందల కిలోమీటర్లు మించకుండా. రెండింట్లో ఏదైనా ఎండలు ముదరకముందే కదలమని చెప్పాను.